నీలం ద్వారం దగ్గర రోజూ చనిపోయిన మనిషి

హ్నియా అత్తను హమ్మాద్ మొదటిసారి ఎప్పుడు చంపాడో మా సందులో ఎవరికీ తెలియదు. చలికాలం మొదట్లో అయి ఉండాలి. కొండల మీంచి దిగిన చలి మొరాకోలోని మా ఫెజ్ పాతబస్తీ ఇళ్ళ మధ్య ఇరుక్కుని, బయటికి పోయే దారి దొరక్క, గోడలకు తల ఆనించుకుని కూర్చునే రోజులవి. నీలం ద్వారం దగ్గర టాక్సీ దిగిన పరదేశి ఎవరో హ్నియా ఇల్లెక్కడని అడిగి ఉంటారు. హమ్మాద్ టోపీ తీసి, గుండె మీద చెయ్యి వేసుకుని, వాళ్ళ భాషలోనే మెత్తగా చెప్పి ఉంటాడు. ఆవిడ పోయారు పాపం, మెట్లు కూలి. ఆ సందు కూడా ఇప్పుడంత మంచిది కాదు. అలిసిపోయారు, రండి, దగ్గర్లోనే మంచి చోటుంది.

ఆ తర్వాత వాడికది అలవాటైంది. పొద్దున వచ్చిన బస్సుకి ఒకసారి, మధ్యాహ్నం రైలుకి ఒకసారి అత్త చనిపోతూ ఉండేది. ఇంట్లో మాత్రం బతికే ఉండేది. దుప్పట్లు ఉతికి డాబా మీద ఆరేసేది. రాబోయే అతిథుల కోసం పుదీనా కట్టలు తెప్పించి తడిగుడ్డలో చుట్టేది. సాయంత్రానికి పుదీనా నల్లబడేది. ఎవరూ వచ్చేవారు కాదు. వాళ్ళ కోసం వండిన పప్పుచారు గిన్నెలు పట్టుకుని మా తలుపులు తట్టి, మీరైనా తినండర్రా, పరదేశులకి నా మీద బెంగ తగ్గినట్టుంది అనేది.

అత్త ఒకప్పుడు ఊళ్ళో పేరున్న పెళ్ళికూతుళ్ళ అలంకారిణి. ఫెజ్‌లో పెళ్ళికూతురికి నగలు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా పట్టు దుస్తులు మార్పించి, జనం మధ్యకు నడిపించే ఆడవాళ్ళుంటారు. వధువును లోనికి తెచ్చేటప్పుడు వాళ్ళు ప్రవక్తను తలుచుకుంటూ ఒక పొడవాటి పిలుపు ఎత్తుతారు. అత్త ఎత్తితే ఆ పిలుపు ఇంటి నడవలోంచి మొదలై, నడిముంగిలి మీదుగా లేచి, డాబా దాటి పావురాలను ఎగరగొట్టేది. ఈ ఊరి ఆడవాళ్ళలో సగంమంది జీవితం ఆ గొంతుతోనే మొదలైంది. భర్త పోయాడు. పిల్లలు లేరు. మోకాళ్ళు అరిగాక పెళ్ళిళ్ళు మానేసి, పై గదులు రెండూ సున్నం వేయించి అతిథులకిచ్చింది. పాత ఇల్లు ముసలి మనిషి లాంటిది. ఏటా గోడలకి పూత వేయాలి, దూలాలకి మందు రాయాలి. అతిథులు వచ్చినంత కాలమే ఆ ఇల్లు నిలబడుతుంది. రాకపోతే అమ్ముకుని సెఫ్రూలో ఉన్న చెల్లెలు ఇజ్జా పంచన చేరాలి. అత్తకు తెలిసిన లెక్క అంతే.

వచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి చెప్పేది. బస ఎంచుకునేటప్పుడు గోడమీద రంగులు చూడకండి, పక్కింటి ఆడవాళ్ళు ఆ ఇంటావిడతో మాట్లాడుతున్నారో లేదో చూడండి. దారి మూసేశారని ఎవరైనా చెబితే నవ్వి ముందుకే నడవండి, ఈ ఊళ్ళో దారులు మూయడం ఎవరి తరమూ కాదు. మీకంటే ముందు నడవడం మొదలుపెట్టినవాడి వెనక వెళ్ళకండి. తప్పిపోతే తలమీద రొట్టెల పలక పెట్టుకుని పోతున్న ఆడమనిషిని అడగండి, ఆవిడ ఎటూ ఇంటికే పోతుంది. తలుపుకి రెండు కడియాలున్నాయి. పెద్దది పరాయివాళ్ళకి. మీరు చిన్నది కొట్టండి.

హమ్మాద్ ఆ చిన్న కడియం కొట్టి పెరిగినవాడే. వాడి తల్లి బతూల్‌ది అత్త పక్కిల్లు. రెండు డాబాల మధ్య ఉన్నది నడుమెత్తు గోడ ఒక్కటే. బతూల్‌ను పెళ్ళికూతుర్ని చేసింది అత్తే, హమ్మాద్ పుట్టినప్పుడు నీళ్ళు పోసిందీ అత్తే. బతూల్‌కి కళ్ళు మసకబారాక ఆ గోడ మీంచి చేతులు కలుపుకుంటే తప్ప ఇద్దరికీ సాయంత్రం అయ్యేది కాదు. ఇటునుంచి టీ గ్లాసు, అటునుంచి సూప్ గిన్నె. హమ్మాద్ అత్త ముంగిట్లో కూర్చుని ఆవిడ అతిథుల నోట భాషలు నేర్చుకున్నాడు. ఫ్రెంచి, స్పానిష్, కాస్త జర్మన్. ఆ భాషలతోనే పెద్ద వాలు వీధిలో ఎవరితోనో వాటా కలిసి బస తెరిచాడు. ఆ భాషలతోనే అత్తను చంపాడు.

అంతకుముందే ఒకసారి వచ్చి అడిగాడు. "అత్తా, ఈ వయసులో నీకెందుకీ చాకిరీ. ఇల్లు నాకిచ్చెయ్యి. చెల్లెలి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చో."

"ఈ ఇంట్లోంచి నన్ను తీసుకెళ్ళడానికి నలుగురు కావాలి నాయనా. నువ్వొక్కడివి మొయ్యలేవు," అంది అత్త. వాడు నవ్వి టీ తాగి వెళ్ళాడు. తర్వాత అత్త హమామ్‌లో స్నానానికి వెళ్ళిన పూట ఎవర్నో తెచ్చి బయటి గోడ కొలిపించాడు. మేం చూశాం. అత్తతో చెప్పాం. కొలవనీ, గోడ అరిగిపోదుగా అంది.

బాదం పూసే రోజుల్లో ఒక ఉదయం చిన్న కడియం మోగింది. మా వాళ్ళెవరో అనుకుని అత్త మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి తలుపు తీసింది. గడపలో పిలార్ ఉంది. కాదిజ్‌లో పంతులమ్మగా చేసి మానేసిన స్పెయిన్ ఆవిడ. ఏటా వచ్చి అత్త పై గదిలో దిగేది. చేతిలో నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ ఉంది. చావింటికి వెళ్ళేటప్పుడు మేం తీసుకెళ్ళేది అదే. దుకాణంలో అడిగి కొన్నదట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్తను చూసి, దిమ్మను గడప మీద పెట్టి, అత్త అంగీ చేతి అంచు పట్టుకుని అలాగే కిందికి కూర్చుంది.

సగం మాటలతో, సగం చేతులతో విషయం బయటపడింది. ముందురోజు నీలం ద్వారం దగ్గర హమ్మాద్ కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. తన బసకి తీసుకెళ్ళాడు. అక్కడ దిగిన ఫ్రెంచి దంపతులకీ ఇదే చెప్పాడట, వాళ్ళకంటే ముందు వచ్చిన వాళ్ళకీ. పిలార్‌కి రాత్రంతా నిద్ర పట్టలేదు. కనీసం గుమ్మం చూసి వెళదామని, అత్త నేర్పిన పద్ధతిలోనే రొట్టెలు మోసే ఆవిడ వెనక నడిచి వచ్చింది.

అత్త వంగి చక్కెర దిమ్మ తీసుకుంది. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, బరువు చూసింది. "మంచి చక్కెరే తెచ్చావు తల్లీ," అంది.

ఆ మధ్యాహ్నం మా అందరినీ పిలిచింది. తిట్లు వినబోతున్నాం అనుకున్నాం. పోలీసుల దగ్గరికి పోదామన్నారు ఒకరు. ద్వారం దగ్గరికే వెళ్ళి చెప్పు తీసి కొడదామన్నారు ఇంకొకరు. అత్త ముఖం మాత్రం పెళ్ళికూతురికి మొదటి పిన్ను గుచ్చేటప్పటిలా నిదానంగా ఉంది. కొడితే ఏముంది, రేపు చెంప తడుముకుని అదే ద్వారం దగ్గర అదే మాట చెబుతాడు అంది. వాడన్న మాటను వాడి చేతే వండించాలి అంది. మీరెవరూ అబద్ధం చెప్పకండి, నిజమూ చెప్పకండి, ఎవరేమడిగినా హమ్మాద్‌నే అడగమనండి అంది. మేం లేస్తుంటే మళ్ళీ పిలిచింది.

"బతూల్‌తో కూడా అంతే. ఇటు మాటా వద్దు, అటు మాటా వద్దు."

పాపం ఈ గొడవ ఆమెదాకా ఎందుకని అనుకుంటోంది కాబోలు అనుకున్నాం. అందరం తలలూపాం.

బుధవారం వాన పడింది. బతూల్ కూతురింటికి వెళ్ళిన పూట చూసుకుని అత్త సెఫ్రూకి బయలుదేరింది. వాలులో, తడి రాళ్ళ మీద ఆ మోకాళ్ళతో నడవలేదు. గాడిదల వాళ్ళు నలుగురు వచ్చి, తలుపు పలక మీద పడుకోబెట్టి, వాన తగలకుండా తల మీదుగా దుప్పటి కప్పి, నీలం ద్వారం దాకా మోసుకెళ్ళారు. దారి పొడుగునా జనం పక్కకి ఒదిగి పెదవులు కదిపారు. ద్వారం దగ్గర హమ్మాద్ మనుషులు చూశారు. వ్యాను వెనక తలుపు తెరిచి లోపలికి జరిపారు. సెఫ్రూకి అని డ్రైవరు చెప్పాడు. అది నిజమే.

హమ్మాద్ మొదట బెదిరిపోయాడట. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడట. తన నాలుక మీద ఏం ఉందో అని భయపడి నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడట. ఆ తర్వాత వాడి ముఖంలో మెల్లగా తెల్లవారింది. ఇల్లు ఇప్పుడు చెల్లెలిది. చెల్లెలు పల్లెటూరి మనిషి. ఇజ్జాకి ఫోను చేశాడు.

"పిన్నీ, విన్నాను. నా గుండె పగిలింది."

"నీకు మాకంటే ముందే తెలిసింది కదా నాయనా," అంది ఇజ్జా.

వాడికి ఆ మాటలో ఏదీ గుచ్చుకోలేదు. మూడో రోజు భోజనం తనే పెడతానన్నాడు. పిన్నికి శ్రమ వద్దు, అత్త నాకు తల్లి లాంటిది, ఖురాను చదివేవాళ్ళనీ పేదలనీ నా బసకే పిలుస్తాను, భోజనమయ్యాక ఇంటి సంగతి నెమ్మదిగా మాట్లాడుకుందాం అన్నాడు. శుక్రవారం నీ బసకే వస్తాం అంది ఇజ్జా.

చావు భోజనం ఫెజ్‌లో మూసిన తలుపుల వెనక జరగదు. చెప్పినవాడూ వస్తాడు, చెప్పనివాడూ వస్తాడు. మసీదు మెట్ల మీది గుడ్డివాళ్ళూ, తోళ్ళు ఊనేవాళ్ళూ, అత్త చేతుల్లో పెళ్ళికూతుళ్ళయిన ఆడవాళ్ళూ, వాళ్ళ కూతుళ్ళూ. వాడు గొర్రెలు కోయించాడని, పెద్ద పళ్ళేలు అద్దెకి తెప్పించాడని కబురు సందుసందుకీ పాకింది.

బతూల్‌కి వాడే చెప్పాడు. బుధవారం సాయంత్రం కూతురింటి నుంచి తీసుకొస్తూ దారిలో చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె డాబా ఎక్కి నడుమెత్తు గోడ దగ్గర కూర్చుంది. అటువైపు చెయ్యి చాపి, గ్లాసు పెట్టే చోటు తడిమింది. గట్టిగా ఏడవలేదు. వాన వెలిసిన డాబా మీద నీళ్ళు కాలువలోకి దిగే చప్పుడుంటుందే, అలా ఏడ్చింది. గురువారమంతా అన్నం ముట్టలేదు. మా ఇళ్ళల్లో ఎవరికీ ముద్ద దిగలేదు. రొట్టెలు కాల్చే ఆవిడ ఉండబట్టలేక సెఫ్రూకి ఫోను చేసి, అత్తా, బతూల్‌కి చెప్పేస్తాం, చూడలేకపోతున్నాం అంది. అటునుంచి "రేపటిదాకా ఆగండి," అంది అత్త. ఫోను పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజయ్యాక హమ్మాద్ బస నిండిపోయింది. ముంగిలి మధ్యలో నీటి బుగ్గ, దాని చుట్టూ చాపల మీద తెల్లబట్టల్లో చదివేవాళ్ళు. నారింజ పూల వాసన, ఉడికిన మాంసం వాసన కలిసి పైకి లేస్తున్నాయి. పై వసారాలో పరదేశులు కటకటాలకి ఆనుకుని చూస్తున్నారు. హమ్మాద్ తెల్లటి పొడుగు అంగీ, జెల్లాబా వేసుకుని, కింద మా భాషలో కళ్ళు తుడుచుకుంటూ, పైన వాళ్ళ భాషలో మా ఆచారాలు వివరిస్తూ మెట్లు ఎక్కి దిగుతున్నాడు. పిలార్ కూడా పైనే ఉంది. ఇజ్జా బతూల్ పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతోంది. బతూల్ చేతులకి గోరింట లేదు. ముఖం మీద నీళ్ళు ఆరిన చారలు.

చదువు ముగిసింది. గోధుమరవ్వతో వండిన కుస్కుస్ పళ్ళేలు దించారు. ఎవరూ చెయ్యి పెట్టకముందు, వీధి వైపు చీకటి నడవలోంచి ఆ పిలుపు లేచింది.

పెళ్ళికూతుర్ని తెచ్చే పిలుపు. పొడవుగా, తొందర లేకుండా, మధ్యలో ఒక్కసారి వణికి మళ్ళీ నిలదొక్కుకుంటూ. ముంగిట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ ఏకకాలంలో తమ పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. కప్పు అంచున పావురాలు లేచాయి. మేం వద్దనుకున్నా మా నాలుకల మీదికి ఊళలు వచ్చేశాయి, శుభకార్యంలో ఆడవాళ్ళం నాలుకలాడించి వేసే ఊళలు. చావింట్లో ఊళలు విని బుగ్గ దగ్గర కూర్చున్న గుడ్డి ముసలాయన, ఇది ఏ ఇల్లర్రా, సరైన చోటికే వచ్చానా అని పక్కవాణ్ణి అడిగాడు.

హ్నియా అత్త కర్ర ఊనుకుంటూ వెలుగులోకి వచ్చింది. అలంకారం పనికి వెళ్ళేటప్పుడు కట్టే జరీ పటకా నడుముకి ఉంది. కళ్ళకి కాటుక ఉంది. నేరుగా పెద్ద పళ్ళెం దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళు వంగనంటున్నా వంచి, చాప మీద కూర్చుంది.

హమ్మాద్ మెట్ల మీద సగంలో ఆగిపోయాడు.

"దిగు నాయనా," అంది అత్త. "చలికాలం నుంచి నన్ను చంపుతూనే ఉన్నావట. ఇన్నాళ్ళకి అన్నం పెట్టావు. తినకుండా వెళ్ళిపోతే నీకు బాధ కదా."

కుస్కుస్ ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. "ఉప్పు తగ్గింది," అంది.

ఎవరో నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. నవ్వు చాపల అంచుల మీదుగా పాకి తోళ్ళు ఊనేవాళ్ళ దగ్గర భళ్ళుమంది. అత్త కోరుకున్నది ఇదే అనుకున్నాం. ఊరు ఊరంతా వాడి ముఖాన నవ్వడం. కానీ అత్త మాతో నవ్వలేదు. ఆమె బతూల్ వైపే చూస్తోంది. అప్పుడు మాకు అర్థమైంది, ఈ గొర్రెలూ, ఈ జనమూ, ఈ పిలుపూ అన్నీ ఎవరి కోసమో.

బతూల్ చాప మీద చేతులతో పాకుతూ వచ్చింది. అత్త ముఖం తడిమింది. చెవులు, కాటుక, పటకా, సూదులు గుచ్చుకుని గట్టిపడ్డ బొటనవేలు. ఆ వేలు దగ్గర ఆగింది.

"హమ్మాద్," అంది వెనక్కి తిరగకుండానే. "హ్నియా పోయిందని నీకెవరు చెప్పార్రా?"

"ఊళ్ళో అందరూ అనుకుంటున్నారమ్మా. వ్యానులో తీసుకెళ్ళడం మనవాళ్ళు చూశారు."

"చలికాలం నుంచి అంటోందేమిటి ఇది?"

పై నుంచి పిలార్, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలు కూడగట్టుకుని, నెమ్మదిగా, పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పింది. నాకు ఇతనే చెప్పాడు. ఏడ్చి చెప్పాడు. ఆమె పక్కన నిలబడ్డ ఫ్రెంచి ఆయన తలూపి తనవైపు వేలు చూపించుకున్నాడు. ఆయన వెనక ఇంకెవరో.

బతూల్ లేచి నిలబడింది. మా ఊళ్ళో మనిషి డబ్బు లేకుండా బతుకుతాడు, ఇల్లు లేకుండా బతుకుతాడు. తల్లి దీవెన లేనివాడితో మాత్రం ఎవరూ బేరం చెయ్యరు, వాడి గడప తొక్కరు. హమ్మాద్‌కి అది తెలుసు. మెట్లు దూకి వచ్చి ఆమె చెయ్యి అందుకుని తల మీద పెట్టుకోబోయాడు. ఆమె చెయ్యి లాక్కుని తన జెల్లాబాకి తుడుచుకుంది.

"నీ మీదున్న నా దీవెన తీసేసుకుంటున్నాను. ఇంతమంది విన్నారు."

చదివేవాళ్ళలో పెద్దాయన, అంత మాట వద్దమ్మా అని గొణిగాడు. ఆమె వినలేదు. హమ్మాద్ అక్కడే, నీటి బుగ్గ పక్కన, తడి రాళ్ళ మీద కూలబడ్డాడు. హ్నియా అత్త వాడివైపు చూసింది. ముంగిలి కడిగిన మనిషి, శుభ్రమైందా లేదా అని చూసుకునే చూపది. తృప్తిగా ఉంది.

అప్పుడు బతూల్ అత్త వైపు తిరిగింది.

"నేను రెండు రోజులుగా ఏడుస్తున్నానని నీకు తెలుసా?"

అత్త తలుచుకుంటే లేదని చెప్పొచ్చు. మాలో ఒక్కరం కూడా నోరు విప్పేవాళ్ళం కాదు.

"తెలుసు," అంది.

"నీకిది కావాలి. నా ఏడుపు."

"వాడు నా నవ్వుకి భయపడడు బతూలూ. పోలీసులకీ భయపడడు. వాడు భయపడేది నీకొక్కదానికే. ఉత్తినే చెబితే నువ్వు వాణ్ణి నాలుగు తిట్టి అన్నం పెట్టేదానివి."

బతూల్ నిజమే అన్నట్టు తల ఊపింది.

"సరే. నేను ఏడ్చి సాగనంపిన మనిషి సాగనంపినట్టే ఉండనీ," అంది. గోడ తడుముకుంటూ, నవ్వులూ ఊళలూ చల్లారిన జనం మధ్యలోంచి, నడవ చీకట్లోకి వెళ్ళిపోయింది.

వేసవి రాకముందే హమ్మాద్ బస మూతపడింది. ముందు వాటాదారు తప్పుకున్నాడు. పాలవాడు పాలు పొయ్యడం మానేశాడు. వంటామె జబ్బని చెప్పి రాలేదు. వాడు నీలం ద్వారం దగ్గర నిలబడితే గాడిదల వాళ్ళు, తప్పుకో తప్పుకో అని అరిచే బదులు, హ్నియా అత్తకి దారివ్వండి అని అరిచేవారు. ఆఖరికి అగాదీర్ పోయాడని విన్నాం. అక్కడ సముద్రం ఒడ్డున హోటళ్ళలో వాడి తల్లి ఎవరో ఎవరికీ తెలియదు.

అత్త ఇల్లు నిండింది. ఆ శుక్రవారం కటకటాల దగ్గర నిలబడ్డవాళ్ళు ఏ దేశంలో ఎవరికి చెప్పారో గానీ, ఇప్పుడు టాక్సీ దిగుతూనే చనిపోయినావిడ ఇల్లు ఎక్కడ అని అడుగుతారు. దూలాలకి మందు రాయించింది. బయటి గోడకి, వాడు కొలిపించిన వైపే ముందుగా, సున్నం వేయించింది. గుమ్మంలో నిలబెట్టి చెప్పే మాటల చివర ఇంకొకటి కలిపింది. నేను పోయానని ఎవరైనా చెబితే ఏడవకండి, చెప్పినవాడి పేరు అడగండి.

పిలార్ తెచ్చిన చక్కెర దిమ్మ నీలం కాగితంతోనే అరమీద ఉంటుంది. సాయంత్రం సుత్తితో కొంచెం పగలగొట్టి అతిథుల టీలో వేస్తుంది. నా చావుకి వచ్చిన చక్కెర, తీపి చూడండి అంటుంది. వాళ్ళు నవ్వుతారు. తర్వాత తను రెండు గ్లాసులు పట్టుకుని డాబా ఎక్కుతుంది. ఒకటి తాగుతుంది. ఒకటి నడుమెత్తు గోడ మీద, పాత చోట్లో పెడుతుంది. అటువైపు బతూల్ ఉంటుంది. బట్టలు తీసుకుంటున్న చప్పుడు, చెప్పుల చప్పుడు, తలుపు వేసుకున్న చప్పుడు. గ్లాసు మీద ఆవిరి తగ్గుతుంది. పుదీనా ఆకు అడుగుకి చేరుతుంది.

ఒకసారి ఆ పక్కన నిలబడి అడిగాను, ఇంకోలా చేసి ఉండాల్సింది అనిపిస్తుందా అత్తా అని.

అత్త చల్లారిన టీని కాలువలోకి ఒంపి, గ్లాసు దులిపింది.

"ఇంకోలా చేస్తే వాడు ఇంకా ఆ ద్వారం దగ్గరే ఉండేవాడు," అంది. ఖాళీ గ్లాసును మళ్ళీ గోడ మీదే బోర్లించి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగింది.